మోనోనా, స్టీరియోనా?

ప్రశ్న: నా దగ్గర ఇంగ్లాండు పాటల బృందం బీటిల్స్ 1987 నాటి సీడీలున్నాయి. 2009 రీమాస్టర్ సెట్ (పాత రికార్డింగులనే శబ్దం మెరుగుపరచి మళ్లీ తెచ్చినవి) కొందామంటే, పాత శబ్దమే అసలుదని మా అన్న కొననివ్వడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మీ అన్నగారి బాధ నాకు తెలుసు. చెవికి అలవాటైన పాటను ఎవరో ముట్టుకున్నారంటే నాకూ గుండె కలుక్కుమంటుంది. అయినా కొనండి. ఆ రీమాస్టర్లు స్టీరియో (కుడి ఎడమలకు వేర్వేరు శబ్దం), మోనో (రెండు వైపులా ఒకే శబ్దం) అని రెండు సెట్లుగా వచ్చాయి. మోనో పెట్టె కొనండి. 1967లో 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్ చేసేటప్పుడు బీటిల్స్ నలుగురూ దగ్గరుండి చూసుకున్నది మోనో మిక్సే (గొంతులు, వాద్యాలు కలిపిన రూపం). స్టీరియోకి ఇచ్చిన సమయం చాలా తక్కువ. ఆ ఆల్బమ్‌లోని 'షీజ్ లీవింగ్ హోమ్' పాట మోనోలో కాస్త వేగంగా, పై శ్రుతిలో సాగుతుంది. ట్రంకు రోడ్డు హోరు వినపడకుండా తలుపులేసుకుని, హెడ్‌ఫోన్‌లో మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది!

స్టీరియో సెట్‌లో శబ్దపు హెచ్చుతగ్గులను కొంచెం బిగించి మోత పెంచారు, మోనోలో ఆ పని చేయలేదు. 'యాబీ రోడ్', 'లెట్ ఇట్ బి' ఆల్బమ్‌లు మోనో పెట్టెలో ఉండవు, విడిగా తీసుకోండి. మొదటి నాలుగు ఆల్బమ్‌లు 1987లోనూ మోనోలోనే వచ్చాయి కాబట్టి, ఆ సీడీలనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి అన్నగారికి వినిపించండి.

2017 నుంచి బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ తెస్తున్నవి రీమాస్టర్లు కావు, పాత టేపుల నుంచి మళ్లీ కలిపిన రీమిక్సులు. వాటి విషయంలో నేనూ అన్నగారి పక్షమే. పాత సీడీలు మాత్రం అమ్మకండి.