డాక్టర్ సలహా: డయాలసిస్‌లో చలి, వణుకు వస్తుంటే మాత్రలతో సరిపెట్టకండి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మెడ దగ్గర క్యాథెటర్ (డయాలసిస్ గొట్టం) పెట్టించి మూడు నెలలుగా భీమవరంలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. అది పెట్టే ముందు చర్మానికి బెటాడిన్ రాశారు. కాకినాడలో మా మేనమామకి క్లోర్‌హెక్సిడిన్ రాశారట. రెండింట్లో ఏది మంచిది? రెండు వారాలుగా మిషన్ మీద ఉండగా నాన్నగారికి చలి, వణుకు వస్తున్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో తగ్గుతోంది. చెమటకి డ్రెస్సింగ్ ఊడితే మేమే మారుస్తున్నాం.
– ఒక పాఠకుడు, ఆచంట

జవాబు: మీరు అడిగింది తర్వాత చెప్తాను. ముందు నాన్నగారిని ఈరోజే డయాలసిస్ చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వచ్చే డయాలసిస్ దాకా ఆగొద్దు. మెడలో క్యాథెటర్ ఉన్నవాళ్లకి వణుకు వస్తే, కాదని తేలేవరకూ మేం దాన్ని క్యాథెటర్ ఇన్ఫెక్షన్‌గానే చూస్తాం. గొట్టం లోపలి గోడకి పట్టిన బ్యాక్టీరియా మిషన్ తిరగ్గానే రక్తంలోకి కొట్టుకొస్తుంది. వేరే కారణాలూ ఉండొచ్చు, మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను.

మాత్రకి జ్వరం దిగుతుంది, గొట్టంలో ఉన్నది మాత్రం అక్కడే ఉంటుంది. అది గుండె కవాటాలకీ వెన్నుపూసకీ పాకే ప్రమాదం ఉంది. రెండు వారాలు ఎలా ఆగారండీ! పైగా అవి యాంటీబయాటిక్స్ అయితే ఇంకో చిక్కు. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే బ్లడ్ కల్చర్ కోసం రక్తం ఆ మందులు పడకముందే తీయాలి. పడ్డాక తీస్తే క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో మాకూ తేలదు.

ఇక మీ ప్రశ్న. పెట్టే ముందు రాయడానికి స్పిరిట్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌దే పైచేయి. 2015లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనంలో, 11 ఐసీయూల్లో 2,300 మందికి పైగా రోగుల్లో, స్పిరిట్ కలిపిన, బెటాడిన్‌లో ఉండే పోవిడోన్ అయోడిన్‌తో పోలిస్తే దీనితో క్యాథెటర్ ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి. రాశాక చాలాసేపు చర్మం మీద పనిచేస్తుంది. బెటాడిన్‌కి రక్తం, చీము తగిలితే బలం తగ్గుతుంది, కనీసం రెండు నిమిషాలు ఆరనివ్వాలి. అలాగని అది పనికిరాని మందు కాదు. క్లోర్‌హెక్సిడిన్ అరుదుగా కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది, వాళ్లకి బెటాడినే వాడతాం. అయినా మూడు నెలల కింద రాసిన మందు ఈనాటి వణుకుకి కారణం కాదు. నాకు ఎక్కువ అనుమానం ఆ డ్రెస్సింగ్ మీదే.

మన గోదావరి జిల్లాల ఉక్కపోతకి మెడ దగ్గర ప్లాస్టర్ అంచులు లేవడం మామూలే. లేచిన చోట మీ చేత్తో నొక్కి అంటించొద్దు. శుభ్రమైన గుడ్డతో వదులుగా కప్పి, డయాలసిస్ సెంటర్‌కి ఫోన్ చేసి వెంటనే వెళ్లండి. మాస్కు, గ్లవ్స్ వేసుకుని నర్సే మార్చాలి. క్యాథెటర్ మూతలు ఇంట్లో ఎవరూ ముట్టుకోవద్దు. ఆ భాగం తడవకుండా స్నానం చేయించండి.

అన్నట్టు, అది తాత్కాలిక క్యాథెటరా, చర్మం కింద నుంచి వేసే పర్మ్‌క్యాతా? తాత్కాలికమైతే మూడు నెలలు ఉంచేది కాదు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరని కలిపే ఆపరేషన్) ఎప్పుడు చేస్తారో కూడా నెఫ్రాలజిస్ట్‌ని అడగండి. వెళ్లేటప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల స్ట్రిప్ మర్చిపోకండి, ఖాళీదైనా సరే.