జతకు 17 వేలు నిజంగా మిగులుతున్నాయా?

ప్రశ్న: మాది కుషాయిగూడ. వయసు 36. ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం. సాయంత్రాలు, సెలవు రోజుల్లో ఇంట్లోనే ఖరీదైన రకం స్పీకర్లు తయారు చేస్తాను. జతకు సామాను ఖర్చు 31,000 (జాబితా జతచేశాను, 20,000 మేరకు బిల్లులు ఉన్నాయి), పని 22 గంటలు, అమ్మకం ధర 48,000. నెలకు మూడు జతలు పోతున్నాయి, కొన్ని బెంగళూరుకూ పంపుతున్నాను. ఒక షోరూమువారు 30 శాతం మార్జిన్ ఇస్తే తీసుకుంటామంటున్నారు. పీఎఫ్‌లోని 6 లక్షలు తీసి, ఉద్యోగం మానేసి, ఆంప్లిఫయర్ లోపలే ఉండే బ్లూటూత్ మోడల్ చేయాలని ఉంది. ధర పెంచితే మామూలు సంగీతప్రియులకు అందదేమోనని బాధ. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన లెక్కలో మీ కూలి లేదు. జతకు 22 గంటలు పడుతుందన్నారు. గంటకు 300 వేసుకున్నా 6,600. ప్యాకింగు, రవాణాకు 2,200, వారంటీ మరమ్మతులకు 1,500 పక్కన పెడితే 17,000 కాస్తా 6,700కి దిగుతుంది.

ఇక జీఎస్టీ. తెలంగాణలో వస్తువులు అమ్మేవారికి 20 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న ధైర్యంతో ఉన్నట్టున్నారు. ఆ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. బెంగళూరుకు ఒక్క జత పంపినా రిజిస్ట్రేషన్ తప్పదు. స్పీకర్లపై పన్ను 18 శాతం. అంటే 48,000లో 7,322 ప్రభుత్వానిది. సామానులో 20,000 మేరకు బిల్లులు ఉన్నాయన్నారు కాబట్టి, వాటిపై మీరు కట్టిన పన్ను 3,050 దాకా ఇందులో సర్దుబాటవుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో బిల్లు లేకుండా తెచ్చిన భాగాలకు ఆ లాభం ఉండదు, ఇకనైనా అడిగి తీసుకోండి. అన్నీ పోను మీకు మిగిలేది 2,400.

ఇప్పుడు షోరూము సంగతి చూడండి. పన్ను తీసేసిన ధరపై 30 శాతం అంటే 12,200. జతకు దాదాపు 9,800 చేతినుంచి పడుతుంది. షోరూములో పెట్టి మీకు ఆరు వేలైనా మిగలాలంటే ధర 75,000 ఉండాలి. మీరు ఎవరికి అందాలనుకుంటున్నారో వారికి అప్పుడు అందదు. కాబట్టి ప్రస్తుతానికి వద్దనండి.

మీ ఖర్చుల జాబితాలో నా చూపు ఆగింది టేకు వెనీరు (పెట్టెపై అంటించే పలుచటి చెక్క పొర) దగ్గర. వెనీరు, పాలిష్ కలిపి 8,000. మామూలు మ్యాట్ రంగు 2,000తో అయిపోతుంది. శబ్దం పుట్టించే డ్రైవర్లను, హెచ్చు తగ్గు స్వరాలను వాటికి పంచే క్రాస్ఓవర్‌ను మాత్రం ముట్టుకోకండి, వినబడే తేడా అక్కడే. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 ఆంప్లిఫయర్ చూడటానికి సాదాసీదాగా, 20 వాట్లే ఇచ్చేది. డబ్బు పైపూతకు కాక లోపలి సర్క్యూట్‌కు పెట్టారు. అది ప్రపంచమంతా లక్షల్లో అమ్ముడైంది. మీరూ రెండు రకాలు పెట్టండి: రంగు వేసినది అదే 48,000కి, టేకుది 55,000కి. రెండింటిలోనూ మీకు మిగిలేది సుమారు 8,400 చొప్పున. సామాన్యుడి ధర పెరగలేదు, మీ కూలీ పోలేదు.

కొత్త మోడల్ ఆలోచన నాకు నచ్చింది, వదులుకోవద్దు. కానీ పీఎఫ్ మీద చేయి వేయకండి. 2024-25కి దానిపై వడ్డీ 8.25 శాతం. ఇంకా మార్కెట్ చూడని స్పీకరు కోసం దాన్ని ఖాళీ చేస్తే అసలుకే ఎసరు. పైగా బ్లూటూత్ స్పీకర్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పరీక్షల ఫీజులు అమ్మకం మొదలవకముందే కట్టాలి. మొదటి నమూనా బ్లూటూత్ లేకుండా, తీగతోనే చేయండి. ప్రతి జత మిగులులోంచి 3,000 విడి ఖాతాలో వేయండి. నెలకు మూడు జతలైతే ఏడాదికి 1,08,000. రాయదుర్గంలోని టీ-వర్క్స్‌లో నమూనాలకు కావలసిన యంత్రాలు ఉన్నాయి, సొంతంగా కొనే ముందు అక్కడ అడిగి చూడండి.

ఉద్యోగం మాత్రం ఏడాది పాటు వదలొద్దు. ఈ ఆదివారం పాత బిల్లులన్నీ ముందేసుకుని, జతకు పట్టే గంటలు ఇంకోసారి లెక్కపెట్టి నాకు రాయండి. 22 గంటలు అన్నది తక్కువ చెప్పారేమోనని నా అనుమానం.