ఫండ్ మేనేజర్‌కి 5 కోట్ల జీతం: న్యాయమేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. చింతపండు, పసుపు హోల్‌సేల్ వ్యాపారం. ఏడేళ్లుగా ఒక లార్జ్‌క్యాప్ (పెద్ద కంపెనీల షేర్లు కొనే) మ్యూచువల్ ఫండ్‌లో నెలకి 10,000 రూపాయలు సిప్ కడుతున్నాను. ఆ ఫండ్ మేనేజర్‌కి ఏడాదికి 5 కోట్ల పైన జీతమని మా అబ్బాయి కంపెనీ వెబ్‌సైట్‌లో చూసి చెప్పాడు. ఫండ్ మాత్రం నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) కన్నా వెనకబడే ఉంది. నా తరఫున సంతల్లో సరుకు కొనే మనిషికి నెలకి 18,000 ఇస్తాను. ఎక్కువ పెట్టి కొంటే ఆ సాయంత్రమే నిలదీస్తాను. మరి ఇతన్ని అడిగేదెవరు? అది నా డబ్బే కదా! సిప్ ఆపేయమంటారా?

జవాబు: మీ కోపంలో అర్థం ఉంది. కాకపోతే అది చూపించాల్సింది జీతం మీద కాదు. ముందు ఆ జీతం మీకు ఎంత పడుతోందో లెక్క వేద్దాం. మీ ఫండ్‌లో మొత్తం 20,000 కోట్లు ఉన్నాయనుకోండి. అందులో 5 కోట్లంటే 0.025 శాతం. మీరు పెట్టిన ప్రతి లక్షకీ ఏడాదికి 25 రూపాయలు. గుణుపురం నుంచి రాయగడకి బస్సు టికెట్టు కూడా రాదు. పైగా ఆయన జీతం సగానికి తగ్గించినా మీకు ఒరిగేదేమీ లేదు. ఆ మిగులు కంపెనీ లాభంలో కలుస్తుంది. మీ దగ్గర కోసేది ఎక్స్‌పెన్స్ రేషియో ప్రకారం, అంటే ఫండ్ నడిపే ఖర్చు కింద ఏటా మీ డబ్బులోంచి తీసుకునే శాతం. అది వేరే.

ఇక న్యాయం సంగతి. ఈ విషయంలో మీ వ్యాపారమే మీకు మంచి కొలత ఇస్తుంది. ఒక ఏడాది చింతపండు ధర మార్కెట్ అంతటా పెరిగింది. మీ గోడౌన్‌లో సరుకు విలువా పెరిగింది. ఆ లాభం చూసి మీ కొనుగోలు మనిషికి బోనస్ ఇస్తారా? ఇవ్వరు. అందరికీ వచ్చినదే మీకూ వచ్చింది. అదే అతను చాటికోన బుధవారం సంతకి తెల్లవారుజామునే వెళ్లి, తేమ ఎంతుందో చేత్తో పిసికి చూసి, పిక్క సరిగ్గా తీయని బుట్టలు పక్కన పెట్టి, మిగతావాళ్ల కన్నా కిలోకి నాలుగు రూపాయలు తక్కువకి మంచి సరుకు తెచ్చాడనుకోండి. ఆ నాలుగు రూపాయలే అతని పనితనం. జీతం దానికే.

ఫండ్ మేనేజర్‌కీ ఇదే వర్తిస్తుంది. ఫండ్ 13 శాతం ఇచ్చిందంటే 13 శాతమూ ఆయన గొప్ప కాదు. నిఫ్టీలోని షేర్లనే ఉన్నవి ఉన్నట్టు కొనే, ఎవరి తెలివీ అక్కర్లేని ఇండెక్స్ ఫండ్ అదే కాలంలో 12 ఇచ్చి ఉంటే, ఆయన సంపాదించి పెట్టింది ఒక్క శాతమే. ఇండెక్స్ 14 ఇచ్చి ఉంటే, ఫీజు కట్టి మరీ మీరు నష్టపోయినట్టు. పోల్చేటప్పుడు మామూలు నిఫ్టీ అంకె కాకుండా డివిడెండ్లు కూడా కలిపిన టీఆర్‌ఐ (టోటల్ రిటర్న్ ఇండెక్స్) అంకె చూడండి. 2018 ఫిబ్రవరి నుంచి ఫండ్లన్నీ దానితోనే పోల్చుకోవాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. మీ అబ్బాయి మామూలు నిఫ్టీతో పోల్చి ఉంటే, అసలు తేడా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

లార్జ్‌క్యాప్‌లో ఈ మేనేజర్లు వెనకబడటానికి కారణం తెలివి తక్కువై కాదు. సెబీ 2017లో తెచ్చిన వర్గీకరణ ప్రకారం లార్జ్‌క్యాప్ ఫండ్ కనీసం 80 శాతం డబ్బు దేశంలోని మొదటి 100 పెద్ద కంపెనీల్లోనే పెట్టాలి. ఆ వంద కంపెనీల మీద వందలమంది అనలిస్టుల కళ్లుంటాయి. రాయగడ మార్కెట్‌లో ఆ రోజు ధర ఫోన్ ఉన్న ప్రతివాడికీ తెలిసినట్టే, అక్కడ చవగ్గా దొరికేదంటూ పెద్దగా ఏమీ మిగలదు. మేనేజర్ నేర్పుకి కాస్తో కూస్తో చోటున్నది చిన్న, మధ్యస్థాయి కంపెనీల్లో. అందుకే లార్జ్‌క్యాప్‌లో భారీ ఫీజు తీసుకోవడాన్ని నేను సమర్థించను. మేనేజర్ మంచివాడా కాడా అన్నది అక్కడ తర్వాతి మాట.

జీతం ఎంతన్నది పని బరువును బట్టి ఉంటుందనీ అనుకోకండి. దేశంలో అతి పెద్ద బ్యాంకు స్టేట్ బ్యాంక్. దాని ఛైర్మన్ జీతం లక్షల్లోనే. అంతకన్నా చిన్న ప్రైవేటు బ్యాంకుల ఎండీలది కోట్లలో. ప్రైవేటు కంపెనీల మధ్య పోటీ, మనిషిని ఇంకొకరు ఎగరేసుకుపోతారన్న భయం, ఈ రెండే చాలావరకు ఆ అంకెలను పెంచుతాయి.

మీరు అడిగిన ‘నిలదీసేదెవరు’ అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. లాభం వస్తే బోనస్, నష్టం వస్తే మదుపరిది అన్నట్టుగా ఈ రంగం చాలాకాలం నడిచింది. ఇప్పుడు కొంత మారింది. 2021లో సెబీ ఒక నిబంధన తెచ్చింది. ఫండ్ కంపెనీల్లోని ముఖ్య ఉద్యోగుల వేతనంలో కనీసం 20 శాతం వాళ్లు చూసే స్కీముల యూనిట్లలోనే పెట్టాలి, మూడేళ్లు తీయడానికి లేదు. 2025లో జీతం స్థాయిని బట్టి దీన్ని సడలించారు. బ్యాంకుల విషయంలో, తప్పు బయటపడితే ఇచ్చిన బోనస్‌ను వెనక్కి రాబట్టుకునే ఏర్పాటు ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2019లో ప్రైవేటు బ్యాంకులకు చెప్పింది. ఇవి చాలవనే నేనంటాను. అయినా మేనేజర్ సొంత డబ్బు కూడా మీ పక్కనే ఉందంటే ఎంతో కొంత నయం.

ఇప్పుడు మీ జేబుకి నిజంగా చిల్లు పెట్టేదాని గురించి. మీది రెగ్యులర్ ప్లాన్, అంటే డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొన్నది అనుకుంటున్నాను. కంపెనీ దగ్గర నేరుగా కొంటే అది డైరెక్ట్ ప్లాన్. ఖర్చు రెగ్యులర్‌లో 1.6 శాతం, డైరెక్ట్‌లో 0.6 శాతం అయితే, మధ్యలో ఉన్న ఒక్క శాతం చాలావరకు డిస్ట్రిబ్యూటర్ కమీషనే. లక్షకి ఏడాదికి 1,000 రూపాయలు. మేనేజర్‌కి పోయే 25 పక్కన ఇది పెట్టి చూడండి. నెలకి 10,000 చొప్పున 15 ఏళ్లు కట్టి, 12 శాతం వస్తే సుమారు 50 లక్షలవుతుంది. అదే 11 శాతమైతే 45.5 లక్షల దగ్గర ఆగుతుంది. తేడా నాలుగున్నర లక్షలు.

అలాగని డిస్ట్రిబ్యూటర్‌ను తిట్టుకోనక్కర్లేదు. ఒడిశాలోని మన తెలుగు కుటుంబాల కాగితాల సంగతి మీకు తెలియంది కాదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే. ఒడియాలోంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి ‘రావు’ ఇంకేదో అవుతుంది. కేవైసీ ఆగిపోతే, నామినీ మారిస్తే, ఇంటికొచ్చి కూర్చుని అవన్నీ సరిచేసి, మార్కెట్ పడినప్పుడు టెన్షన్‌లో మీరు అమ్మేయకుండా ఆపిన మనిషైతే, ఆ కమీషన్ అతను కష్టపడి సంపాదించినట్టే. ఫారం మీద సంతకం పెట్టించుకుని మళ్లీ కనిపించకపోతే మాత్రం ఇవ్వడం దండగ.

సిప్ అలవాటు మానొద్దు, ఫండ్ మార్చండి. కొత్త వాయిదాలు డైరెక్ట్ ప్లాన్‌లోని నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌కి మళ్లించండి. వీటిలో చాలావాటి ఖర్చు 0.3 శాతం లోపే. పాత యూనిట్లు ఒకేసారి తీసేయకండి. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కి మారినా అది అమ్మకం కిందే లెక్క. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల వరకు లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకని ఈ మార్చి లోపు లాభం ఆ పరిమితి దాటకుండా కొన్ని, ఏప్రిల్ తర్వాత మరికొన్ని మార్చుకోండి. గత పన్నెండు నెలల్లో కొన్న యూనిట్లను మాత్రం అప్పుడే ముట్టుకోవద్దు. వాటికి 20 శాతం పన్ను, సాధారణంగా ఎగ్జిట్ లోడ్ (ముందే తీసేస్తే ఫండ్ కోసుకునే రుసుము) కూడా ఉంటుంది.