స్పిల్‌వే గుంతలు పూడ్చినా ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: నాగార్జునసాగర్ క్రస్ట్ గేట్లు మూసిన తర్వాత స్పిల్‌వే (వరద నీరు ఆనకట్ట మీదుగా కిందికి జారే కాంక్రీటు వాలు) మీద గుంతలు పడ్డాయని, వాటిని కాంక్రీటుతో పూడుస్తున్నారని పత్రికల్లో చదువుతుంటాం. కొన్ని వరదలు దాటేసరికి మళ్లీ అదే వార్త వస్తుంది. శాశ్వతంగా బాగుచేయడం సాధ్యం కాదా?
– ఒక పాఠకుడు, మాచర్ల

జవాబు: సాధ్యమే. అయితే గుంతను పూడ్చడం వేరు, గుంత పడిన కారణాన్ని తొలగించడం వేరు. మిద్దె మీద బీటకు పైపైన సిమెంటు పూసి, మరుసటి వానకు తల పట్టుకున్నవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

1955లో శంకుస్థాపన జరిగిన సాగర్‌ది రాతికట్టడపు ఆనకట్ట; దానికి 26 క్రస్ట్ గేట్లు ఉన్నాయి. ఏ స్పిల్‌వే మీదనైనా 50 మీటర్ల ఎత్తు నుంచి జారే నీరు, ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, గంటకు 110 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. అంత వేగంలో కాంక్రీటు మీద అరంగుళం మిట్ట ఉన్నా చాలు, దాని వెనుక నీటి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి. అవి కొద్ది దూరం పోయి పగిలినప్పుడు, ఆ పోటుకు కాంక్రీటు పెచ్చులుగా లేచిపోతుంది. అమెరికాలో కొలరాడో నది మీద ఉన్న గ్లెన్ కాన్యన్ ఆనకట్టలో 1983 వరదల సమయంలో, స్పిల్‌వే నీరు పోయే సొరంగం గోడకు పేరుకున్న చిన్న సున్నపు గడ్డల దగ్గర మొదలైన ఈ నష్టం దాదాపు 11 మీటర్ల లోతు గొయ్యిగా మారింది. అక్కడి ఇంజినీర్లు గొయ్యి పూడ్చి ఊరుకోలేదు. నీటి అడుగుకు గాలి చేరేలా సొరంగంలో అడ్డంగా గాడి తీశారు. నీటిలో గాలి కలిస్తే బుడగల పోటు మెత్తబడుతుంది.

రెండో కారణం కంటికి కనిపించదు. జాయింట్ల నుంచి, బీటల నుంచి నీరు కాంక్రీటు పలక కిందికి చొరబడితే, ఆ ఒత్తిడి పలకను కింది నుంచి పైకి ఎత్తుతుంది. కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఆనకట్ట ప్రధాన స్పిల్‌వేలో 2017 ఫిబ్రవరి 7న జరిగింది ఇదే. అప్పటికి దాని వయసు యాభై ఏళ్లలోపే. ఐదు రోజుల తర్వాత, అత్యవసర స్పిల్‌వే (జలాశయం నిండితే నీరు పొర్లిపోయే రెండో దారి) దిగువన కొండ కోసుకుపోతుండడంతో దిగువ ఊళ్ల నుంచి 1,80,000 మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. పలకలు పలుచన కావడం, కిందికి చేరిన నీటిని బయటికి పంపే గొట్టాల వెంట బీటలు రావడం, పునాది రాయి కొన్నిచోట్ల మెత్తగా ఉండడం, ఇవన్నీ కలిసి ప్రధాన స్పిల్‌వేకు తెచ్చిన చేటు అది. పైన వేసిన అతుకులు ఈ లోపాలను తీర్చలేదు; చివరికి పాత పలకలను తొలగించి, పునాది నుంచి కొత్తగా కట్టారు.

కాబట్టి మరమ్మతు అంటే ముందుగా సుత్తితో తట్టి, డొల్లగా మోగే చోటల్లా గుర్తించడం. గుంత అంచులను పలుచగా వదలకుండా నిలువుగా కోసి, గట్టి కాంక్రీటు తగిలే దాకా చెక్కి, ఇనుప కడ్డీలను లోపలికి దింపి, ఆ తర్వాతే కొత్త కాంక్రీటు పోయాలి. పోసినది చుట్టూ ఉన్న మట్టానికి సమంగా ఉండాలి, లేదంటే ఆ మిట్టే మరో గుంతకు నాంది అవుతుంది. ఎపాక్సీ (గట్టిపడే జిగురు రసాయనం) పూతలను నేను అంతగా నమ్మను. ఎండకు అవి కాంక్రీటు కన్నా ఎక్కువగా వ్యాకోచించి, అంచుల దగ్గర ఊడిపోయే అవకాశం ఉంది. ఇక గేట్ల సీళ్ల నుంచి నీరు కారుతుంటే ఏ కాంక్రీటూ సరిగా అతకదు. ముందు ఎగువన స్టాప్‌లాగ్‌లు (తాత్కాలిక అడ్డు పలకలు) దించి ఆ నీటిని ఆపాలి. వీటన్నిటికీ వేసవి నెలలే గడువు కనుక, పనులకు టెండర్లు ఏప్రిల్‌లో పిలిస్తే జరిగేది పూడ్చడమే.

ప్రశ్న: శ్రీశైలం దిగువన ప్లంజ్‌పూల్‌లో (స్పిల్‌వే నీరు దూకే మడుగులో) పడిన గొయ్యిని మొత్తం కాంక్రీటుతో నింపేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: సరిపోదు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చింది. అలాంటి నీటి బలాన్ని మింగేది ఆ మడుగులోని నీటి లోతే, అందువల్ల దాన్ని పూర్తిగా నింపితే దెబ్బ నేరుగా రాతి మీద, ఒడ్డుల మీద పడుతుంది. గొయ్యి ఎంత లోతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు, అది ఆనకట్ట పాదం వైపు జరుగుతోందా లేదా అన్నది అసలు ప్రశ్న. ప్రతి పెద్ద వరద తర్వాత నీటి అడుగున కొలతలు తీసి, వెనుకటి కొలతలతో పోల్చి, జరుగుతున్న వైపునే రక్షణ కల్పించాలి.