మైదా, చక్కెర లేకుండా కేక్: బదులు ఏం వేయాలి?

మైదా బదులు జొన్నపిండి, చక్కెర బదులు బెల్లం వేస్తే చాలా అని అడిగారు. పిండి వరకు సగం కరెక్టే. బెల్లం మాత్రం పేరు మారిన చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లకు పెద్ద తేడా ఉండదు.

జొన్నలో గ్లూటెన్ (గోధుమలో ఉండే, పిండికి సాగే పట్టునిచ్చే ప్రోటీన్) లేదు కాబట్టే మన దగ్గర రొట్టెకు మసిలే నీళ్లు పోసి కలుపుతారు, ఆ వేడికి పిండిపదార్థం ఉడికి జిగురొస్తుంది. కేక్‌లో ఆ పట్టు కోసం కప్పు పిండికి ఒక చిన్న చెంచా ఇసబ్గోల్ కలిపి కాసేపు నాననివ్వండి, బేకింగ్ పౌడర్ ఆఖర్నే. గుడ్డు తినకపోతే ఒక్కో గుడ్డు బదులు ఒక పెద్ద చెంచా అవిసె పొడి, అలాంటివే 3 చెంచాల నీళ్లు. జొన్న ఒక్కటే వేస్తే రాలిపోతుంది, మూడో వంతు బియ్యప్పిండి కలిపితే నయం.

చక్కెర తీపికే కాదు, తడికి, మెత్తదనానికి, రంగుకీ పనికొస్తుంది. స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) చిటికెడు చాలు గానీ కేక్ పరిమాణం తగ్గుతుంది, అందుకే పెరుగో గుమ్మడి గుజ్జో జోడించాలి. ఎరిత్రిటాల్ అనే, చక్కెర బదులు వాడే పొడి తీపి చక్కెరలో సుమారు 70 శాతమే, ఎక్కువేస్తే చల్లారాక గరగరలాడుతుంది (నాకైతే నచ్చదు).

సీలియాక్ (గ్లూటెన్ అసలు పడని జబ్బు) ఉన్నవాళ్ల కోసమైతే పిండి గిర్నీలో పట్టించకండి, అంతకు ముందే ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లో మిక్సీకే వేయండి.