హెర్మిట్ క్రాబ్ ట్యాంకుకి ఏ లైటు పెట్టాలి? ముందు కిట్‌తో వచ్చిన బల్బులు తీసెయ్యండి

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ: డాలస్‌లో ఇల్లు, 20 గ్యాలన్ల లాంగ్ ట్యాంకు, అందులో మూడు పర్పుల్ పించర్లు (గవ్వలో కాపురముండే హెర్మిట్ క్రాబ్ పీతల్లో ఒక రకం). ట్యాంకుతో పాటు వచ్చిన హుడ్‌లో (లైట్లు బిగించే మూత) రెండు ఫిలమెంట్ బల్బులు, పగటికి తెల్లది, రాత్రికి నీలంది. తేమ 55 శాతం దాటడం లేదు, పీతలు రాత్రిపూట కూడా బయటికి రావడం లేదు. యూవీబీ బల్బు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది) కొంటే చురుగ్గా అవుతాయా అని అడిగారు.

యూవీబీ సంగతి తర్వాత. ముందు ఈ రాత్రికే ఆ నీలం బల్బు విప్పి పక్కన పెట్టండి. తెల్లదాన్ని కూడా తీసేసి ఆ హోల్డర్‌లో 4, 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు బిగించండి. ఈ హుడ్‌లలో ఎక్కువగా ఇంట్లో వాడే మామూలు ఈ26 హోల్డరే ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఉన్న బల్బుతోనే పని జరిగిపోతుంది. ఇది శాశ్వతం కాదు, సరైన సామాను వచ్చేదాకా.

మీ రెండు ఇబ్బందులకీ మూలం ఆ రెండు బల్బులే అని నా అంచనా. తేమ లెక్క చూడండి. 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని, అందులోని నీటి ఆవిరి పెరగకుండా తగ్గకుండా, 85కి వేడెక్కిస్తే తేమ సుమారు 58 శాతానికి పడిపోతుంది. ఫిలమెంట్ బల్బు చేసేది అదే. ఇసుకలోంచి మళ్ళీ ఆవిరి లేస్తుంది కదా అంటారేమో. లేస్తుంది, కానీ హుడ్ సందుల్లోంచి బయటికి పోతూనే ఉంటుంది. మీరు స్ప్రే కొడుతూనే ఉంటారు, ఇసుక పైపొర మాత్రం ఎండుతూనే ఉంటుంది. ఎండిన ఇసుకలో సొరంగం నిలవదు, మోల్టింగ్‌కి, అంటే పాత పెంకు విడవడానికి, ఇసుకలోకి దిగిన పీత మీద కూలిపోతుంది. వీటికి గాలి పీల్చే మొప్పలు తడిగా ఉండాలి, తేమ 75 నుంచి 85 మధ్య నిలవాలి. 55 దగ్గర వారాల తరబడి ఉంటే మెల్లగా ఊపిరాడక పోతాయి. గవ్వలోకి ముడుచుకుని కదలకుండా ఉండటం కూడా ఉన్న తడిని కాపాడుకోవడానికే.

ఇక నీలం బల్బు. దాన్ని వెన్నెల అని అమ్ముతారు. ఇవి నిశాచరాలు, చీకటి పడితేనే మేతకి బయల్దేరతాయి. పగలు తెల్ల వెలుగు, రాత్రి నీలి వెలుగు అంటే వాటికి రాత్రన్నదే లేనట్టు. ఎర్ర బల్బైనా రాత్రంతా వెలిగించొద్దు. ట్యాంకులో ఏం జరుగుతోందో చూడాలనిపిస్తే గదిలో దూరంగా ఒక మసక దీపం చాలు.

ఇదంతా ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది: లైటు పని పగలు ఎప్పుడో రాత్రి ఎప్పుడో తెలియజెయ్యడం, అంతవరకే. వేడి పని దానికి అప్పగించకూడదు. వేడికి ట్యాంకు వెనక గాజుకి బయటి వైపు, ఇసుక మట్టానికి పైన, హీట్ మ్యాట్ అంటించి థర్మోస్టాట్‌కి (వేడిని హద్దులో ఉంచే స్విచ్) కలపండి. అడుగున అంటిస్తే పాతుకున్న పీత ఉడికిపోతుంది.

లైటు ఏది కొనాలి? మీ ట్యాంకు 30 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు. ఇసుక, కోకోపీట్ కలిపి 6 అంగుళాలు పోస్తే పైన మిగిలేది మరో 6 అంగుళాలు. అంటే లైటు నేలకి చాలా దగ్గర, కాబట్టి పవర్ ఎక్కువ అక్కర్లేదు. 24 అంగుళాల ఎల్‌ఈడీ బార్, 10 వాట్ల లోపు, 6500 కెల్విన్ తెల్ల వెలుగు, డిమ్మర్ ఉంటే మరీ మంచిది. లోపల నాచు, ఫెర్న్ పెంచినా ఇది సరిపోతుంది. మొదట్లో 30, 40 శాతం వెలుగుతో నడపండి. రంగులు మార్చే రిమోట్ ఉన్న బార్ కొంటే ఆ రిమోట్ పిల్లల చేతికి ఇవ్వకండి.

హుడ్ తీసేసి 30 అంగుళాల ట్యాంకుకి దొరికే రెండు ముక్కల గాజు మూత వెయ్యండి. తేమ నిలబెట్టేది ఈ మూతే. లైటు మూత పైన బయట ఉండాలి, ట్యాంకు లోపల వద్దు. లోపల పెడితే ఉప్పునీటి తడికి కనెక్టర్లు పచ్చగా తుప్పు పడతాయి, పీతలు వైరు పట్టుకుని ఎక్కుతాయి. బార్‌ని గాజు మీద నేరుగా పడుకోబెట్టకుండా కాళ్ళ మీద అర అంగుళం పైకి లేపండి, అడుగున గాలి ఆడుతుంది, గాజు వేడెక్కదు. మూత లోపలి వైపు నీటి బొట్లు పట్టి వెలుగు కాస్త మసకబారుతుంది, తుడవనక్కర్లేదు.

గాజు మూత వెనక అంచున వైర్ల కోసం కత్తిరించుకునే ప్లాస్టిక్ పట్టీ వస్తుంది. లైటు బయటే ఉంది కాబట్టి దాన్ని అవసరానికి మించి కొయ్యకండి. థర్మోస్టాట్ ప్రోబ్ (వేడి కొలిచే వైరు) దూరేంత సందు కోసి, మిగిలినది స్పాంజి టేపుతో మూసెయ్యండి. పీత మూలనున్న సిలికాన్ అతుకుని కాళ్ళతో పట్టుకుని నిటారుగా పైకి పాకుతుంది, మూతని భుజంతో ఎత్తి చూస్తుంది. అర అంగుళం సందు చిన్న పీతకి సింహద్వారమే. తప్పించుకున్న పీతని సోఫా కింద వెతుక్కునేవాళ్ళలో చాలామంది ఈ పట్టీ దగ్గరే దెబ్బతిన్నారు. ఇంకొక జాగ్రత్త: ప్లగ్‌కి వెళ్ళే వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా పెట్టండి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

బార్‌ని మధ్యలో కాకుండా ఒక చివరకి జరపండి. ఆ వైపు తిండి, మంచినీటి గిన్నె, ఉప్పునీటి గిన్నె, ఎక్కే కొమ్మలు. రెండో చివర కార్క్ బెరడు, కొబ్బరి చిప్ప, ఎండుటాకులు వేసి కనీసం మూడో వంతు నీడ ఉంచండి. పగలు పీతలన్నీ ఆ నీడలో ఒకదాని మీద ఒకటి పోగుపడి కనిపిస్తాయి, అది జబ్బు కాదు.

చాలామంది పట్టించుకోనిది పక్క గాజు. పైనుంచి వచ్చే వెలుగు ఇసుకలోకి దిగదు గానీ, గదిలో లైటు ట్యాంకు గోడల్లోంచి నేరుగా ఇసుకలోకి పడుతుంది. పీత తరచుగా గాజుకి ఆనుకునే సొరంగం తవ్వుకుంటుంది, మోల్టింగ్‌కి దానికి చిమ్మచీకటి కావాలి. నల్ల క్రాఫ్ట్ పేపర్‌ని ఇసుక ఎత్తుకి సరిపడా కత్తిరించి నాలుగు వైపులా బయటి నుంచి అంటించండి. ముందు వైపు పైఅంచు మాత్రమే టేపు వేస్తే, ఎప్పుడైనా లేపి చూసి మళ్ళీ దించెయ్యొచ్చు. కిటికీ ఎండ మాత్రం ఒక్క గంట కూడా పడనివ్వకండి. మూత వేసిన గాజు పెట్టె ఎండలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడానికి ఎక్కువసేపు పట్టదు.

టైమర్ 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి. మీ పీతలు కరీబియన్ దీవుల వైపువి, అక్కడ ఏడాది పొడవునా పగలు సుమారు 11 నుంచి 13 గంటల మధ్యే ఉంటుంది. డాలస్‌లోలా చలికాలం 10, ఎండాకాలం 14 కాదు. కాబట్టి కిటికీ వెలుగు మీద వదిలెయ్యకుండా టైమర్‌తోనే నడపండి. పిల్లలు వాటిని చూడాలంటే ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు పెట్టండి. గది కూడా మసకగా ఉంచితే ఏడున్నర, ఎనిమిదికల్లా ముందు మీసాలు, వెనకే ఆ ఊదారంగు ఎడమ డెక్క గవ్వలోంచి బయటికొస్తాయి. ట్యాంకు లివింగ్ రూమ్‌లో ఉండి టీవీ, ట్యూబ్ లైట్లు పదకొండు దాకా వెలుగుతుంటే ఏ టైమరూ పనిచెయ్యదు, ట్యాంకుని వేరే గదికి మార్చడమే మేలు. మార్చిలో, నవంబర్‌లో గడియారాలు మార్చినప్పుడు టైమర్‌ని కదపకండి, వాటికి ఆఫీసు లేదు.

ఇక యూవీబీ. పెట్టితీరాలని చెప్పను. మామూలు గాజులోంచి యూవీబీ దాదాపు దిగదు. దిగాలంటే గాజు తీసి జాలీ వెయ్యాలి, జాలీ వేస్తే తేమ పోతుంది, పైగా జాలీ కూడా కొంత కిరణాలని ఆపేస్తుంది. బల్బు కంటికి బాగానే వెలుగుతున్నా యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, ఆరు నెలలకో ఏడాదికో మార్చుకోవాలి. ఇప్పుడు మీకు నిలవాల్సింది తేమ. ఆ డబ్బు గాజు మూతకి, మంచి డిజిటల్ హైగ్రోమీటర్‌కి (తేమ కొలిచే మీటరు) పెట్టండి. కాల్షియానికి కటిల్ బోన్ (కటిల్ ఫిష్ లోపలి పెంకు), ఎండు రొయ్యలు వెయ్యండి.

హైగ్రోమీటర్ ఇలా సరిచూసుకోండి. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ముద్దయ్యేంత నీళ్ళు చుక్కలుగా వేసి, మీటరుతో కలిపి జిప్ బ్యాగులో గాలి పోకుండా మూసి రాత్రంతా వదలండి. పొద్దున 75 చూపించాలి. 68 చూపిస్తే ఎప్పుడూ 7 కలుపుకుని చదవండి. కిట్‌లో వచ్చే ముల్లు మీటర్లని నమ్మొద్దు.

వైజాగ్, చెన్నై వైపు నుంచి ఇది చదివేవాళ్ళకి రెండు మాటలు. కరెంటు షాపులో దొరికే 2 అడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్, కూల్ డేలైట్ అని రాసినది, సరిగ్గా ఇదే పని చేస్తుంది. పిన్నులు నొక్కే మెకానికల్ టైమర్ మాత్రం కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. రోజుకో గంట కోత ఉంటే పన్నెండు రోజుల్లో పగలు రాత్రి తారుమారవుతాయి. బ్యాటరీ బ్యాకప్ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. మే నెలలో మీకు వేడి పెంచే బాధ లేదు, దించడమే బాధ. కాబట్టి డిమ్మర్ ఉంటే ఇంకా తగ్గించండి.

మూత, లైటు మార్చాక తేమ ఒకట్రెండు రోజుల్లో 75 దాటాలి. దాటకపోతే ఇసుక పిడికిట్లో పట్టి చూడండి, ముద్ద నిలవాలి. నిలవకపోతే క్లోరిన్ తీసిన నీళ్ళు కొంచెం కొంచెంగా పొయ్యండి. తేమ సరిపోయాక కూడా ఒక పీత కనిపించకపోతే తవ్వకండి, అది మోల్టింగ్‌కి దిగి ఉండొచ్చు. చిన్నదానికి నెల, పెద్దదానికి రెండు మూడు నెలలు కూడా పడుతుంది. ఆ రోజుల్లో టైమర్ అలాగే నడవాలి, తిండి, నీళ్ళు రోజూ మార్చాలి, నల్ల పేపర్ అంచు ఎత్తి చూడటం మాత్రం మానుకోండి.