వ్యాట్ రిపోర్టులో రెండు సున్నాలు

ప్రశ్న: మాది చిన్న వ్యాపారం. వ్యాట్ రిటర్న్‌ను అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే తయారు చేస్తుంది. ఆడిట్‌కు ముందే లెక్కలు మేమే ఒకసారి సరిచూసుకోవాలంటే ఎలా? ప్రత్యేకంగా యాప్ ఏదైనా కొనాలా?

జవాబు: కొనక్కర్లేదు, ఎక్సెల్ చాలు. మొత్తాలు సరిపోయాయి కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకండి. సాఫ్ట్‌వేర్ కూడికలో తప్పు చేయదు. మీరు తప్పు ట్యాక్స్ కోడ్ (ఏ పన్ను రేటో చెప్పే గుర్తు) ఇస్తే ఆ తప్పునే పైసాతో సహా కూడి పెడుతుంది.

లావాదేవీల రిపోర్టును ట్యాక్స్ కోడ్ కాలమ్‌తో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పివట్ టేబుల్ (కోడ్ వారీగా మొత్తాలు చూపే పట్టిక) వేయండి. ఒక్కో కోడ్ కింద పన్నును అసలు విలువతో భాగిస్తే ఆ కోడ్ రేటే రావాలి. పైసల తేడా వస్తే అది రౌండింగ్, వదిలేయండి. అంతకు మించితే ఎవరో అంకెను చేత్తో మార్చి ఉండొచ్చు. రేటు 20 శాతమైతే, పన్ను కలిసిన 120లో పన్ను 20. చాలామంది 120 మీద 20 శాతం కట్టి 24 రాసేస్తారు.

అసలు చిక్కు సున్నా దగ్గర. జీరో రేటెడ్ (పన్ను పరిధిలోనే ఉన్నా రేటు సున్నా), ఎగ్జెంప్ట్ (పన్ను నుంచి మినహాయించినవి) రెండింటికీ బిల్లులో పన్ను సున్నాయే. అందుకే బిల్లింగ్ దగ్గరున్నవాళ్లు మెనూలో ముందు ఏది కనిపిస్తే అది నొక్కేస్తారు. జీరో రేటెడ్ అమ్మకాల కోసం కొన్న సరుకుపై కట్టిన పన్నును సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చు, ఎగ్జెంప్ట్ అయితే కుదరదు. కోడ్ తారుమారైతే రావాల్సిన డబ్బు వదులుకుంటారు, లేదా రాకూడనిది క్లెయిమ్ చేసి జరిమానా కొని తెచ్చుకుంటారు. పన్ను సున్నా ఉన్న వరుసలన్నీ ఫిల్టర్ చేసి ఒక్కొక్కటీ చూడండి. విసుగే, కానీ ఆ సమయం వృథా కాదు.

తర్వాత కొనుగోలు బిల్లులు. ఒకే సరఫరాదారు, ఒకే మొత్తం రెండుసార్లు కనిపిస్తే అసలు బిల్లు తీయండి. ‘00451’, ‘451’ అని రెండుసార్లు ఎక్కిన బిల్లును సాఫ్ట్‌వేర్ డూప్లికేట్‌గా పట్టుకోకపోవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేసిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైల్‌ను నేరుగా తెరిస్తే ఎక్సెల్ ముందున్న సున్నాలను తినేస్తుంది, 15 అంకెలు దాటిన నంబర్ల చివర్లనూ పాడుచేస్తుంది. బిల్లు నంబర్ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఇంపోర్ట్ చేసుకోండి.

చివరగా, పాత రిటర్న్ రిపోర్టును అదే కాలానికి ఇవాళ మళ్లీ తీసి, దాఖలు చేసిన కాపీతో పోల్చండి. అంకెలు మారాయంటే ఆ తర్వాత ఎవరో పాత ఎంట్రీలను కదిలించారు. ఏమి మారిందో సాఫ్ట్‌వేర్‌లోని ఆడిట్ ట్రెయిల్‌లో (మార్పులు నమోదయ్యే చిట్టా) దొరుకుతుంది. సవరణ ఎలా చూపించాలో మీ అకౌంటెంట్‌ను అడిగి, ఆ పని కాగానే ఆ కాలాన్ని సెట్టింగ్స్‌లో లాక్ చేసేయండి.